సున్నపు గుట్టల మీద మూడో ‘వద్దు’

తిండి దొరక్క పస్తులున్నవాళ్లను మీరు చూసి ఉంటారు. దేవుడి పేరు చెప్పి పస్తులుండేవాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. కానీ డబ్బాల నిండా తిండి పెట్టుకుని, ‘తింటావా’ అని అడుగుతున్న మనుషుల మధ్య నవ్వుమొహంతో ‘వద్దు’ అంటూ సొమ్మసిల్లబోయినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ ఘనత నాది. జర్మనీలో, సైకిలు మీద, ఒక ఆదివారం నాడు సాధించాను. మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు. మా ఆవిడ స్రవంతి ఇంకా నవ్వుతూనే ఉంది.

అప్పటికి ఇంగోల్‌స్టాట్‌లో కార్ల కంపెనీలో చేరి కొన్ని నెలలే అయింది. ప్రొబేషన్ ముగియలేదు. అది ముగిసేనాటికి నన్ను ఉంచుకోవాలా, సాగనంపాలా అన్నది మా టీములో పెద్దాయన యుర్గెన్ మాట మీద ఉంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పిక్కలు మాత్రం పాతికేళ్ల కుర్రాడివి. పేరు పెట్టే పిలవమంటాడు. నేను పైకి యుర్గెన్ అని, లోపల ‘గారు’ తగిలించుకునేవాణ్ణి.

అలాంటాయన ఒకరోజు, ఆదివారం తనూ భార్య బ్రిగిట్టె సైకిళ్ల మీద ఆల్ట్‌ముల్ లోయకు వెళ్తున్నామని, వస్తావా అని అడిగాడు. నేను సైకిలు మీదే పెరిగానని చెప్పాను. హనుమకొండలో ఇంటి నుంచి ట్యూషన్‌కు తొక్కిన దూరాన్ని పెరగడం అనొచ్చో లేదో మీరే తేల్చండి. నాకు మాత్రం ఆ పిలుపులో ఉద్యోగం కనిపించింది. ఆదివారం బాగా గడిస్తే ఉద్యోగం, దానితో వచ్చిన బ్లూ కార్డు వీసా భద్రమని లెక్క వేసుకుని, రెండు రోజులు కాలు నిలవకుండా తిరిగాను.

ఆదివారం పొద్దున స్రవంతి వంటింట్లోంచి పులిహోర డబ్బాతో వచ్చింది.

“ఏం తినకుండ పోతున్నవ్. ఇది బ్యాగుల పెట్టుకో.”

“వాళ్లే పిలిచిన్రు గదా, పెట్టకుంటరా? డబ్బా మోస్కపోతే ఏమనుకుంటరు?”

“ఏమనుకోరు. ఆదివారం ఈడ దుకాణాలు గూడ ఉండవ్.”

“నువ్ ఊకో, నాకు తెల్వదా.”

నాకు తెలిసిందల్లా ఏమిటంటే, మా వైపు పొద్దున్నే పిలిచి టిఫిన్ పెట్టకపోతే ఆ ఇంటివాళ్లను పదేళ్లు ఆడిపోసుకుంటారు. అందుకే కాఫీ ఒక్కటే తాగి, కడుపును అతిథి మర్యాదల కోసం ఖాళీగా ఉంచి బయల్దేరాను.

లోయ దాకా సైకిళ్లతో సహా ఎక్కిన రైలు కదిలీ కదలగానే బ్రిగిట్టె డబ్బా తెరిచింది. ఉడకబెట్టిన గుడ్లు, వెన్న రాసిన రొట్టెలు. “తింటావా?” అంది. నా నోరు నన్ను అడక్కుండానే “వద్దు, థాంక్స్” అంది. మీకు నేను చెప్పక్కర్లేదు, మనలో మొదటి ‘వద్దు’ వద్దు కాదు. అది సంభాషణ మొదలుపెట్టడం. మా పెద్దమ్మయితే ఆ మాట పూర్తయ్యేలోపు కంచంలో వడ్డించేసి, ‘ఇంతేనా’ అని మళ్లీ వడ్డించేది. బ్రిగిట్టె “సరే” అని మూత పెట్టింది. ఆ మూత టక్కుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది.

ఐష్టెట్‌లో దిగి సైకిళ్లెక్కాం. లోయలో ఏటి పక్కన చదునైన దారి ఉంది, చిన్నపిల్లలు కూడా హాయిగా తొక్కుకుంటూ పోతారు. యుర్గెన్‌కు అది ఆనదు. పైన సున్నపురాయి గుట్టల మీదుగా, ఊరి నుంచి ఊరికి ఎక్కుతూ దిగుతూ పోవాలంటాడు. తెల్లటి బండలు, తెల్లటి మట్టిదారి, గడ్డి వాలుల మీద గొర్రెలు. అందంగానే ఉండి ఉంటుంది. నా కళ్లు మాత్రం బ్రిగిట్టె సైకిలు వెనక ఊగుతున్న సంచీని వదల్లేదు. మొదటి ఎత్తు ఎక్కేసరికే కడుపులో ఎలుకలు పరిగెత్తాయి.

మొదటి ఊళ్లో బేకరీ మూసి ఉంది. రెండో ఊళ్లో బేకరీయే లేదు. ఆ తర్వాతి ఊళ్లో చర్చి పక్కన అరుగు మీద కూర్చుని వాళ్లు కేకు తీశారు. ఈసారి యుర్గెన్ అడిగాడు. నేను “మీరు తినండి, మీరు తినండి” అన్నాను. వాళ్లు తిన్నారు. చెప్పిన మాట అంత బుద్ధిగా వినే మనుషుల్ని నేను అంతకుముందు చూడలేదు.

ఇక సూటిగా కాకుండా పక్కనుంచి నరుక్కు వద్దామనుకుని, కేకు చాలా బాగున్నట్టుంది అన్నాను. బ్రిగిట్టె సంతోషించి, తర్వాతి గుట్ట మొత్తం ఎక్కినంతసేపూ దాన్ని ఎలా చెయ్యాలో చెప్పింది. వెన్న ఎంత, చక్కెర ఎంత, ఆప్రికాట్లు ఎప్పుడు వెయ్యాలి. నేను రొప్పుతూ, నోట్లో ఊరుతున్న నీళ్లు మింగుతూ, మధ్యమధ్యలో తల ఊపాను. ఆవిడ మీద కోపం వచ్చింది. నా మీద వచ్చుంటే బాగుండేది.

మధ్యాహ్నానికి ఒక ఊళ్లో గాస్ట్‌హోఫ్ కనిపించింది. మన పూటకూళ్ల ఇల్లు లాంటిది, తలుపులు బార్లా తెరిచి ఉంది, లోపల ఉల్లిపాయలు వేగుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. యుర్గెన్ బ్రేకు వేసి నా వైపు తిరిగాడు.

“ఆకలిగా ఉందా?”

నా ఉద్యోగం చేతిలో పెట్టుకున్న మనిషి అడుగుతుంటే ఆవురావురుమంటున్నానని చెప్పడం ఎలా? నేను మొహమాటంగా నవ్వి, “అంతగా లేదు” అన్నాను.

“మంచిది. అయితే పెద్ద గుట్ట కూడా దాటేద్దాం” అని ఆయన పెడలు తొక్కాడు. నేను వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లాను. వేగుతున్న ఉల్లిపాయలు చాలా దూరం నా వెంట వచ్చాయి.

పెద్ద గుట్ట సగంలో కళ్లు బైర్లు కమ్మాయి. సైకిలు గడ్డిలో పడేసి, దాని పక్కనే నేనూ కూలబడ్డాను. ఒళ్లంతా తెల్లటి దుమ్ము. అటు పక్క గొర్రెలు తీరిగ్గా మేస్తున్నాయి, వాటిని చూస్తే అసూయ పుట్టింది. వాళ్లిద్దరూ కంగారుగా వెనక్కొచ్చారు. గుండె నొప్పా అని బ్రిగిట్టె అడిగింది.

“ఆకలి” అన్నాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

యుర్గెన్ నన్నే చూస్తూ నిలబడ్డాడు. “ఇందాక వద్దన్నావు కదా?”

“అది ఉత్తుత్తి వద్దు. మొదటిసారి ఎవరైనా అలాగే అంటారు. మీరు మళ్లీ అడగాలి. మళ్లీ వద్దంటాం. అయినా మీరు ఊరుకోకూడదు, చేతిలో పెట్టెయ్యాలి. మూడో వద్దు కూడా లెక్కలోకి రాదు.”

“నిజంగానే వద్దనుకుంటే ఏమంటారు?”

“అప్పుడూ వద్దనే అంటాం.”

ఆయన ఇంజనీరు. రెండింటికీ తేడా ఎలా తెలుస్తుందని అడిగాడు. తెలుస్తుంది అన్నాను. ఈలోగా బ్రిగిట్టె సంచీ నా ఒళ్లో బోర్లించింది. గుడ్లు, రొట్టెలు, మిగిలిన కేకు, ఏదీ వదల్లేదు. ఆ తినడం వర్ణించను, నాకూ కాస్త పరువుంది.

నేను ఆఖరి గుడ్డు నోట్లో పెట్టుకున్నాక యుర్గెన్ నెమ్మదిగా అడిగాడు. “పోయిన వారం ఆఫీసులో నీకిచ్చిన కారు టెస్టు ఎలా నడుస్తోందంటే, ఏ ప్రాబ్లమూ లేదన్నావు. అది ఎన్నో మాట?”

ఆ టెస్టు వారం రోజులుగా ముందుకు కదలక పడుకునే ఉంది. నా ప్రొబేషన్ ఆ గుట్ట మీదే ముగిసిందనుకున్నాను.

“మొదటిది” అన్నాను.

ఆయన గొర్రెలు బెదిరేలా నవ్వాడు. తిరుగు రైల్లో చెప్పాడు, రేపు ఇద్దరం కూర్చుని ఆ టెస్టు చూద్దామని, ప్రొబేషన్ గురించి బెంగ పెట్టుకోవద్దని. కడుపూ నిండింది, ఉద్యోగమూ నిలిచింది, నేను కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. అప్పుడు ఆయన, జూలైలో ఆల్ప్స్ కనుమలు దాటుతూ వారం రోజుల సైకిలు యాత్ర వేశామని, నన్నూ రమ్మని అన్నాడు.

“వద్దు” అన్నాను, మనస్ఫూర్తిగా.

ఆయన భార్య వైపు తిరిగి కన్ను గీటాడు. “మొదటిది.”

“లేదు యుర్గెన్, నిజంగా వద్దు.”

“రెండోది” అంది బ్రిగిట్టె.

“మీకు దండం పెడతాను, వద్దు” అన్నాను.

“ఇప్పుడు ఊరుకోకూడదు, చేతిలో పెట్టెయ్యాలి” అంటూ యుర్గెన్ ఫోను తీసి యాత్రకు వచ్చేవాళ్లలో నా పేరు కూడా చేర్చేశాడు.

అందుచేత మిత్రులారా, ఇంటికొచ్చి చల్లారిన పులిహోర ముందు కూర్చుని, స్రవంతి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరు ఏ మూత తీసినా, అది పూర్తిగా తెరుచుకోకముందే ‘పెట్టండి’ అంటాను. మర్యాద మంటగలిసినా సరే, వద్దు అన్న మాట ఈ నోట రానివ్వను. అంతా శ్రద్ధగా విన్న స్రవంతి, “అయితే ఇంకొంచెం ఏస్కుంటవా?” అంది.

“వద్దు” అన్నాను.

ఆమె డబ్బా మూత పెట్టేసింది.