ఇడ్లీ పిండిలో గని గాలి

ఆ రోజుల్లో నాకు దయ్యాలంటే లేని భయం ఇంగ్లీషంటే ఉండేది. మా కోలారు గనుల దయ్యాలు తెలుగో తమిళమో మాట్లాడతాయి, సర్దుకుపోవచ్చు. మా జిల్లా నరసాపురం దగ్గర తినుబండారాల కంపెనీ ల్యాబులో ఉద్యోగానికి మర్నాడే ఇంటర్వ్యూ, అదీ ఇంగ్లీషులో. అందుకని వంటింట్లో కూర్చుని మేం తినేవాటికి ఇంగ్లీషు పేర్లు వల్లిస్తున్నాను. పెరుగులో లాక్టిక్ యాసిడ్, చింతపండులో టార్టారిక్ యాసిడ్. (అవ్వ పులుసు ఇంత ప్రమాదకరమని అప్పుడే తెలిసింది.)

మధ్యాహ్నం, వీధిలో అలికిడి లేదు. బంగారం తీసేశాక గనివాళ్ళు పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బ మీంచి లేచిన తెల్లదుమ్ము కిటికీని గీరుతోంది. "ఫర్మెంటేషన్" అన్నాను. మూలనున్న పిండి కుండ మీద మూత టక్కుమంది. "కార్బన్ డయాక్సైడ్." మళ్ళీ టక్కు, వెనకే ఎవరో ఊపిరి వదిలినట్టు బుస్సు. గోడకు, కాలం చేసిన తాత గని టోపీ వేలాడుతోంది. (తాతకు ఇంగ్లీషు రాదు గనక ఆయన కాదని ధైర్యం తెచ్చుకున్నాను.)

"ఎవురితో అప్పా మాట్లాడతా ఉండావు?" గడపలో అవ్వ.

"ఎవురూ లేరవ్వా. పిండి పులిస్తే గ్యాసు పుడతాది, దాని పేరు చదవతా ఉండా."

"గ్యాసా? లెయ్, బైటికి నడు!"

గనిలో ఆ మాటకు ఒకటే అర్థం: ముందు దీపం ఆరుతుంది, తర్వాత మనిషి. తాత అట్లాగే పోయాడు. అవ్వ నన్ను వాకిట్లోకి తోసి, తలుపు బార్లా తీసి, మూత తొలగించి, వెలిగించిన అగ్గిపుల్లను కుండలోకి దించింది. పిండిని తాకకముందే మంట ఆరింది. ఇంకో పుల్ల. అదీ ఆరింది, లోపల్నించి ఎవరో ఊదినట్టు.

"మీ తాతను తినింది ఇదే. ఇదుండే కంపెనీకి నువ్వు పోవద్దు."

ఆమె అన్నది తప్పు కాదు, గనిలో దీపాలార్పిన గాలుల్లో ఇదీ ఒకటి. "దీంతోనే కదవ్వా ఇన్నేండ్లూ ఇడ్లీ పొంగించినావు?" అన్నాను.

"తెలిసుంటే పెడతానా, నాయనా?" ఆరిన పుల్ల పారేసి అడిగింది, "ఆ కంపెనీకి కిటికీలుండాయా?"

"అడిగి చెప్తా."

పొద్దున ఇడ్లీ పెట్టి, నేను తినేంతసేపూ ఎదురుగా కూర్చుని నా ఊపిరి చూసింది. "ఇంగ రెండెయ్యవ్వా" అన్నాక, "బతికే ఉండావు, పో" అంది. ఇంటర్వ్యూ చివర మీరేమైనా అడుగుతారా అన్నారు. ల్యాబుకు కిటికీలున్నాయా అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఇంతవరకూ ఎవరూ ఇది అడగలేదంటూ ఉద్యోగమిచ్చారు.

ఇప్పుడు ఆ పేర్లన్నీ తడుముకోకుండా చెబుతాను. ఇంట్లో మాత్రం అవ్వ పిండి కుండ మూత తీసి వచ్చి వాకిట్లో నిలబడితే, ఇంత చదివిన నేనూ పక్కన నిలబడతాను. లోపల కుండ మెల్లగా ఊపిరి వదులుతుంది.

"పోయినాడా, మీ తాతను తినినోడు?" అంటుంది అవ్వ.

"పోయినాడవ్వా" అంటాను, ఇంగ్లీషేమీ కలపకుండా.