చెమటకాయలని చెప్పాను

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. బతుకమ్మ సెలవుల ముందు జ్వరమొచ్చి ఒళ్లంతా సన్నటి ఎర్ర దద్దుర్లు లేచాయి. డాక్టరమ్మ చూసి రుబెల్లా అంది. "నీకేం కాదు. కడుపుతోని ఉన్నోళ్ల దగ్గరికి మాత్రం పోకు, లోపలి బిడ్డకు దెబ్బ," అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

ఎడపల్లిలో మా అన్న ఇంట్లో వదినకు మూడో నెల. ఆ సంగతి నాకు తెలుసు. అయినా వెళ్లాను. ఎందుకు? హాస్టల్ ఖాళీ అయిపోతోంది, పండక్కని కుట్టించుకున్న లంగా ఓణీ పెట్టెలో ఉంది, జ్వరం తగ్గాక ఇంకేం అంటుకుంటుందిలే అని నాకు నేనే డాక్టర్నయ్యాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎంత వెతుక్కున్నానో. వదిన పక్కనే పడుకున్నాను. ఆమె కంచంలోనే తిన్నాను.

పాప పుట్టింది. రెండేళ్లు దాటినా కుక్కర్ కూతకు తల తిప్పలేదు. పరీక్షలు చేసిన డాక్టర్లు, గర్భం తొలి నెలల్లో దద్దుర్లు వచ్చాయా అని వదినను అడిగారు. ఆమెకు గుర్తు లేదు. తల్లికి తెలియకుండానే వచ్చిపోవచ్చు, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అన్నారట.

వదిన నన్ను అడిగింది. "బతుకమ్మకు వచ్చినప్పుడు నీ మెడ మీద ఎర్రగ లేసినయ్ గదా. గవేంది?"

"చెమటకాయలు వదినా."

"దవాఖానల సూపెట్టుకున్నవా?"

"గంతదానికి దవాఖాన ఎందుకు?"

"ఊకెనే అడిగిన, ఏమనుకోకు," అంది.

పక్కనే ఉన్న మా అమ్మ అందుకుంది. "వీళ్ల తరపున ఎవలో చెవిటోళ్లు ఉండే ఉంటరు. పిల్లనిచ్చేటప్పుడు దాసిండ్రు."

వదిన తల దించుకుంది. నేను పాపను ఎత్తుకుని వాకిట్లోకి పోయాను.

అమ్మ ఇప్పటికీ ఆ మాట అంటూనే ఉంది. వదిన పాపకు చెవి మిషన్ పెట్టి, మాటలు నేర్పించడానికి బస్సులో నిజామాబాద్ తిప్పుతోంది. పోయిన వారం మా ఇంటికొచ్చారు. పాప నా పెదవులనే చూస్తూ "అత్త" అనడానికి ఎంత తిప్పలు పడిందో! సగమే వచ్చింది. వదిన మురిసిపోయింది. నాకు గోడకు తల బాదుకోవాలనిపించింది. అప్పుడైనా చెప్పాలి కదా? నోరు తెరిచి, చాయ్ పెట్టనా అని అడిగాను. ప్రతిసారీ ఇదే. అన్న గడప తొక్కనివ్వడని భయమా? వదిన తిట్టకుండా ఏడుస్తుందనా? నా భయం ఏదైతేనేం, ఆమె పుట్టింటి మీద నింద అలాగే ఉంది.

నాకు వచ్చింది రుబెల్లా. తెలిసే వెళ్లాను. వదినకు చెప్పాల్సింది మీకు చెప్పాను, అది సరిపోదు. అయినా రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.