ఈశాన్యంలో బరువు

పెయింటు బకెట్లు ఆరు, బియ్యం సంచులు నాలుగు, మా పాప చిన్నప్పటి స్నానాల టబ్బు ఒకటి. వాటి అడుగున బెజ్జాలు పెట్టడానికి స్క్రూడ్రైవర్‌ని పొయ్యి మీద కాల్చి కాల్చి ఇల్లంతా ప్లాస్టిక్ కంపు చేశాను. ఇదంతా గోంగూర కోసం. అక్టోబరులో మా అమ్మ మన దేశం నుంచి మేముండే టకానినికి వచ్చింది. మార్చిలో తిరుగు ప్రయాణం. వచ్చిన వారానికే, "ఏం కూరలే ఇవి, నోరు చవి చచ్చిపోయింది" అంది. ఫ్లైటెక్కేలోగా మన పెరటి గోంగూరతో పచ్చడి చేసి పెడతానని మాటిచ్చాను.

నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. ఆ తరవాత నాకు వచ్చినదంతా లైబ్రరీ పుస్తకాలు నేర్పిందే. కుళాయి వాషర్ మార్చడం కూడా పుస్తకం చూసే నేర్చుకున్నాను. కాబట్టి డబ్బాల్లో కూరగాయలు పెంచడం గురించి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి, నోట్సు రాసుకుంటూ ఆఖరి పేజీ దాకా చదివాను. వేడి కోరే మొక్కల్ని ఇంటి దక్షిణపు గోడకి ఆనించి పెట్టమని అందులో ఉంది. అమ్మకి చదివి వినిపించాను.

"నేను చెప్పేదీ అదేగా! బరువంతా నైరుతిలో ఉండాలి, ఈశాన్యం ఖాళీగా ఉంచాలి. పర్లేదే, ఇంగ్లీషు వాళ్లకీ వాస్తు తెలుసు."

నా పుస్తకమూ అమ్మ వాస్తూ ఒక్క మాట మీదకి రావడం అదే మొదటిసారి. ఆ ఉత్సాహంలో ఇద్దరం కలిసి మట్టి నింపి, దక్షిణపు గోడ వెంట నైరుతి మూల దాకా బారుగా పేర్చి విత్తనాలు చల్లాం. గంటకి పైగా కారు ప్రయాణం దూరంలో, రోటోటూనాలో ఏటా గోంగూర పండించే ఒక ఆంటీ ఇచ్చిన విత్తనాలవి.

మొలిచాయి. జానెడు ఎదిగి ఆగిపోయాయి. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను, వాడిపోతే మళ్లీ పెంచాను. ఎరువు మార్చాను. పుస్తకం రెండోసారి చదివాను. ఆంటీకి ఫోన్ చేస్తే, "మాది కొయ్యలేక చస్తున్నాం, డ్రైవ్ చేసుకుంటూ వచ్చి తీస్కెళ్లమ్మా" అని నవ్వింది. ఆ నవ్వుకి ఒళ్లు మండి వెళ్లలేదు.

జనవరిలో, అంటే ఇక్కడి నడి ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం అమ్మ మజ్జిగ మిరపకాయల పళ్లెం పట్టుకెళ్లి ఈశాన్యం మూల, బట్టల తీగ కింద పెట్టింది.

"అంత దూరం ఎందుకమ్మా?"

"ఎండ ఉండేది ఇక్కడే కదే. వచ్చినప్పట్నించీ ఇక్కడే ఎండబెడుతున్నాను."

తిరిగి చూశాను. నా బకెట్లన్నీ ఇంటి నీడలో ఉన్నాయి. పొద్దున కాసేపు పడే వెలుతురు చూసి అదే ఎండ అనుకున్నాను. భూమధ్యరేఖకి దిగువనున్న ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం మీదుగా పోతాడని నాకు తెలియక కాదు. బత్తాయి పండుని భూమిలా తిప్పుతూ మా పాపకి నేర్పినదాన్నే. లోపలికెళ్లి పుస్తకం మొదటి పేజీ తీశాను. ఇంగ్లండులో అచ్చయిందట. చదవకుండా వదిలింది ఆ ఒక్క పేజీనే.

"మరి నాకు చెప్పలేదేం?" అని అరిచాను.

"పుస్తకంలో ఉందన్నావుగా! అంత చదివినదానివి, నీకు నేను చెప్పాలా?"

"సరే, బకెట్లు ఇటు తెచ్చేద్దాం పట్టు."

"ఈశాన్యంలో బరువా? నా కంఠంలో ప్రాణం ఉండగా పెట్టనివ్వను."

"నీ పళ్లెం పెట్టావుగా?"

"పళ్లెం బరువేవిఁటే!"

మూడు రోజులు బకెట్లు ఉన్నచోటే ఉన్నాయి. నాలుగో రోజు తనే దిగివచ్చింది, ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలతో. "ఇవైతే తేలిక. వీటిల్లో పెట్టుకో." ఎండ దొరుకుతుంది కదా అని ఒప్పుకున్నాను. పెళ్లగిస్తుంటే తల్లివేళ్లు తెగి సగం మొక్కలు చచ్చాయి. మిగిలినవి అరచేతి లోతు మట్టిలో ఆకూ ఆకూ లెక్కపెట్టినట్టు వేశాయి.

ప్రయాణం ముందురోజు మొత్తం దూస్తే గుప్పెడు వచ్చింది. పచ్చడికి చాలదు. పప్పులో వేస్తానని అమ్మ వంటింట్లోకి వెళ్లింది. నన్ను రావద్దంది.

"చూడు, మన పెరటిది ఎంత పుల్లగా ఉందో!" అంటూ రెండోసారి వడ్డించుకుంది.

నిజంగానే పుల్లగా ఉంది. గిన్నెలు కడగబోతే సింకు జాలీలో చింతపండు పిప్పి కనబడింది. తీసి చెత్తబుట్టలో వేసి, పైన కాగితం కప్పాను.