ఆరువందల పద్నాలుగు మంది వస్తామన్నారు

“ఈ నర్సు కూడా పోతే, పాపకి ఊపిరాడనప్పుడు నేనెక్కడికి పరిగెత్తాలి?”

కౌంటీ ఆఫీసులో ఆ మాట కాస్త గట్టిగానే అనేశాను. ట్రాక్టరు కాగితాల కోసం వచ్చిన ఇద్దరు రైతులు టోపీలు సర్దుకుని గోడ వైపు తిరిగారు. బల్ల వెనక ఆర్డిస్ క్రూగర్ మాత్రం టైపు చేయడం ఆపలేదు.

“ఎక్కడికీ పరిగెత్తొద్దు గానీ ముందు కూర్చో. ఆ పిల్లనిలా ఇయ్యి,” అంది.

పదకొండు నెలల నా కూతురికి చలి మొదలైతే ఛాతీలో పిల్లికూతలు వస్తాయి. పెద్దాసుపత్రి డెబ్బై మైళ్ళ దూరం. వారానికి రెండు రోజులు వచ్చే పిల్లల నర్సు జోలీన్ మా టార్‌బెల్ కౌంటీ మొత్తానికీ ఒక్కతే. ఆ నర్సును పంపేది రాష్ట్ర ఆరోగ్య శాఖ, అదీ నిరుడు పెట్టిన రూలు ప్రకారం జనాభా పదివేల లోపున్న కౌంటీలకే. మా జనాభా లెక్క పదకొండు వేల రెండువందల పద్నాలుగు కాబట్టి జులై నుంచి నర్సు రాదని ఆ ఉదయమే ఉత్తరం వచ్చింది.

“ఇంతమంది ఎక్కడున్నారండీ? ఇక్కడి బళ్ళో రెండు తరగతులు కలిపేశారు, సరుకుల కొట్టు మూతపడింది,” అన్నాను.

ఆర్డిస్ పాపను భుజాన వేసుకుని కిటికీ వైపు గడ్డం చూపింది. “తొమ్మిదో నంబరు రోడ్డు మీద, కంచె వెనకాల. పద్దెనిమిది వందల అరవై మంది. పాపం, వాళ్ళలో జోలీన్‌కి చూపించుకునే ఈడువాడు ఒక్కడూ లేడు.”

కంచె వెనక ఉన్నది రాష్ట్ర జైలు.

ఆర్డిస్ వయసు డెబ్బై మూడు. నలభై ఒక్క ఏళ్ళుగా కౌంటీ బోర్డు సమావేశాల మినిట్స్ రాస్తోంది. పాడి రైతుల బిడ్డ, జర్మన్ కాథలిక్కుల ఇంట పుట్టింది. పంతొమ్మిది వందల డెబ్బై రెండులో వెర్లిన్ అనే నార్వే వంశపు లూథరన్ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆ రోజుల్లో ఇక్కడ దాన్ని మించిన కులాంతర వివాహం లేదు. ఇద్దరివీ ఒకే నీలి కళ్ళు, ఒకే ఎర్ర మెడలు. అయినా రెండు కుటుంబాలూ మూడేళ్ళు మాట్లాడుకోలేదు. అత్తగారు చివరిదాకా ఆమెను “ఆ విదేశీ పిల్ల” అనే పిలిచేదట. ఆర్డిస్ పుట్టిన ఇల్లు అత్తగారింటికి నాలుగు మైళ్ళు.

మూడుసార్లు జనాభా లెక్కలకు ఇల్లిల్లూ తిరిగింది. తొంభైలో ఒకే వీధిలో ముగ్గురు తోబుట్టువుల ఇళ్ళకు వెళ్ళి జాతి ఏమిటని అడిగితే, పెద్దాయన “నార్వే” అన్నాడు, రెండో ఆయన “అమెరికా” అన్నాడు, చెల్లెలు “నీకెందుకు?” అంది. మూడు గుమ్మాల్లోనూ ఒకే ముక్కు. “ఆ రోజే అర్థమైంది నాకు,” అనేది ఆర్డిస్. “వీళ్ళు తామెవరో చెప్పట్లేదు. పక్కింటివాళ్ళం కామని చెబుతున్నారు.”

ఆ తర్వాత జైలు కట్టారు. రెండువేల సంవత్సరం లెక్కల్లో ఆర్డిస్ అక్కడికీ ఫారాలు పట్టుకుని వెళ్ళింది. గేటు దగ్గరే ఆపి, పేర్ల జాబితా ఆఫీసు నుంచి నేరుగా పైకి పోతుందని చెప్పారు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదట. పదేళ్ళుగా పడిపోతున్న జనాభా ఒక్క జాబితాతో లేచి నిలబడింది. మా వార్తాపత్రిక ‘టార్‌బెల్‌కు కొత్త ఊపిరి’ అని రాసింది.

దీనివల్ల అందరికంటే బాగుపడింది నాలుగో వార్డు బోర్డు సభ్యుడు రోలండ్ ఓస్ట్రాండర్. అతని వార్డులో కాగితం మీద రెండువేల రెండువందల నలభై మంది. ఖైదీలకు ఓటు లేదు; జైలు తీసేస్తే మిగిలేది మూడువందల ఎనభై, వార్డు నిలవడానికి అది చాలదు. అందులో అతని చుట్టాలు ఎందరో అతనికే తెలియదు. పైగా కాగితం ప్రకారం కౌంటీలో తెల్లవాళ్ళు కానివారు పద్నాలుగు వందల పన్నెండు మంది. ‘కౌంటీలన్నిటికీ ఆదర్శం, మన వైవిధ్యం’ అని రోలండ్ హైవే పక్కన బోర్డు పెట్టించాడు. కౌంటీ వెబ్‌సైట్‌కు ఫోటోలు కావలసి వచ్చి మా ఆయన లామర్‌ను పిలిచారు. లామర్ హైస్కూల్లో వెల్డింగు నేర్పుతాడు, నల్లవాడు; నేను తెల్లదాన్ని. ముగ్గురు మనుషుల్లా కనబడాలని మూడు చొక్కాలు మార్పించి, ఒక ఫోటోలో ముఖానికి వెల్డింగు తొడుగు కూడా పెట్టించారు. కంచెకు ఇవతల ఉన్న ఇరవై నాలుగు మందిలో మా పాపతో కలిపి ఇద్దరు మా ఇంట్లోనే ఉన్నారు.

నేను విత్తనాల ప్రయోగశాలలో పనిచేస్తాను. నూరు గింజలు తడిపి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం నా ఉద్యోగం. పక్క సంచిలోవి తెచ్చి కలిపితే ఆ లెక్కను ఏమంటారో నాకు తెలుసు.

“ఈ ఉత్తరం అడుగున చిన్నక్షరాలు చదివావా?” అంది ఆర్డిస్. “లెక్కలోకి వచ్చినా నిజంగా నివాసులు కానివారుంటే, కౌంటీ బోర్డు తీర్మానం జతచేసి పంపితే లెక్కలోంచి తీసేస్తారట. నిరుడు ఆ రూలు వచ్చినప్పుడే చెప్పాను రోలండ్‌కి. మొన్నా చెప్పాను.”

“ఏమన్నాడు?”

“ప్రతి మనిషీ మనవాడే ఆర్డిస్, అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.”

జూన్‌లో సమైక్య దినం జరపాలని అప్పటికే నిర్ణయమైంది. సంతమైదానంలో డేరాలు, పాటలు, మా పద్ధతి ప్రకారం తలా ఒక వంటకం తెచ్చుకుని పంచుకు తినడం. తెల్లవాళ్ళు కాని ప్రతి ఒక్కరికీ పేరుపేరునా ఆహ్వానం వెళ్ళాలని రోలండ్ పట్టుబట్టాడు. నగరంలోని ఒక కంపెనీకి పని అప్పగించి, “పద్నాలుగు వందల పన్నెండు మంది ఉండాలి, వెతికి పట్టుకోండి,” అని ఫోనులో గట్టిగా చెప్పాడు. ఆ కంపెనీవాళ్ళు నిజాయితీపరులు. వెతికారు. ఖైదీల పేర్లు రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఎవరికైనా దొరుకుతాయి. ‘ప్రియమైన పొరుగువారికి, మీరు లేనిదే టార్‌బెల్ లేదు. ఎనిమిది మందికి సరిపడా ఒక వంటకం తీసుకురండి. ఏం తెస్తారో, బండి కావాలో వద్దో తెలపండి’ అని అచ్చువేసిన పద్నాలుగు వందల పన్నెండు కార్డులలో పదమూడు వందల ఎనభై ఎనిమిది ఒకే చిరునామాకు వెళ్ళాయి. తిరుగు తపాలా బిళ్ళలు కూడా కౌంటీయే అంటించింది.

పదిరోజులకు జవాబులు గోనెసంచిలో వచ్చాయి. ఆరువందల పద్నాలుగు మంది సంతోషంగా వస్తామన్నారు.

మంగళవారం ఉదయం బోర్డు సమావేశానికి నేను పాపతో సహా వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. నర్సు సంగతి చర్చకే పెట్టలేదు. సమైక్య దినం ఏర్పాట్లు అనగానే ఆర్డిస్ కళ్ళద్దాలు పెట్టుకుని సంచి బల్లమీదకు ఎత్తింది.

“ఆలుగడ్డ సలాడు తెచ్చేవాళ్ళు తొంభై ఏడుగురు. ఉడకబెట్టిన చిక్కుళ్ళు నూటనలభై. వేయించిన చికెన్ అరవై రెండు. బండి మాత్రం అందరికీ కావాలట. ఎన్ని బస్సులు చెప్పమంటావు రోలండ్?”

“ఎవరు వీళ్ళంతా?” రోలండ్ నవ్వుతూనే అడిగాడు.

“నీ వార్డువాళ్ళే.”

నవ్వు ఆగింది. పక్క సభ్యుడు ఒక కార్డు తీసి చూసి, వేడి పెనం ముట్టుకున్నట్టు వదిలేశాడు.

“ఆర్డిస్, ఎగతాళికీ ఒక హద్దుంటుంది. వీళ్ళని బయటికి ఎలా తెస్తాం?”

“మీరు లేనిదే టార్‌బెల్ లేదని నువ్వేగా సంతకం పెట్టావు. సంతమైదానం రూలు ప్రకారం నివాసి ఎవర్నీ గేటు దగ్గర ఆపకూడదు. ఇంకో ఆరునెలల్లో విడుదలయ్యేవాళ్ళు కూడా ఇందులో ఉన్నారు. కార్డు పట్టుకుని నీ గుమ్మం ముందుకొచ్చి, పొరుగువాణ్ణి, పిలిచావుగా అంటే ఏం చెబుతావు?”

రోలండ్ మెడ మరింత ఎర్రబడింది. “వాళ్ళు పొరుగువాళ్ళేమిటి! ఎక్కడెక్కడివాళ్ళనో తెచ్చి పెట్టారు. వాళ్ళసలు ఈ కౌంటీ జనమే కాదు!”

ఆర్డిస్ పెన్ను తీసింది. “మెల్లిగా చెప్పు. మినిట్స్‌లో రాసుకోవాలి. మామూలు మాటగా రాయనా, తీర్మానంగానా?”

“తీర్మానంగానే! మొత్తం పద్దెనిమిది వందల అరవై మందీ! టార్‌బెల్ కౌంటీ నివాసులు కారు. ఎవరు బలపరుస్తారు?”

నలుగురూ ఒక్కసారే చెయ్యెత్తారు. ఆ బోర్డులో అంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్న భోజనానికి ముందే ఆర్డిస్ ఆ తీర్మానానికి ముద్రవేసి ఆరోగ్య శాఖకు పంపేసింది. సాయంత్రానికి గానీ రోలండ్‌కు తన వార్డు ఏమైందో తట్టలేదు. అప్పుడు ఫోను చేసి ఏదో అరిచాడట. ఆర్డిస్ అదంతా ఓపికగా విని, “చిన్నప్పుడు నిన్ను కూర్చోబెట్టి కూడికలు నేర్పినదాన్ని నేనే. తప్పు నాది,” అందట.

జులైలో జోలీన్ వచ్చింది. తొమ్మిదివేల మూడువందల యాభై నాలుగు మంది ఉన్న కౌంటీలో పాప ఛాతీకి గొట్టం పెట్టి విని, మందు మార్చి, “ఈ చలికాలం నేనుంటాగా,” అంది.

నేను పండ్ల కేకు చేసుకుని ఆర్డిస్ ఇంటికి వెళ్ళాను. ఆవిడ సంబరంగా ఏమీ లేదు. వంటింటి బల్ల నిండా ఆ జవాబు కార్డులే. ఒక్కొక్కరికీ చేత్తో ఉత్తరం రాస్తోంది. రెండువందలు కూడా కాలేదు.

“ఇదిగో, ఇది చదువు,” అని ఒకటి ఇచ్చింది. టెరెన్స్ అనే అతను రాశాడు: ‘పదకొండేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను. ఈ ఊరి నుంచి నాకు వచ్చిన మొదటి ఉత్తరం ఇది. రాలేనని నాకూ తెలుసు, మీకూ తెలిసే ఉంటుంది. పిలిచినందుకు మర్యాదగా జవాబివ్వాలి కదా. రాగలిగితే మా అమ్మ చేసే మొక్కజొన్న రొట్టె తెచ్చేవాణ్ణి.’

“ఇతనికేం రాస్తారు?”

“అదే తోచట్లేదు. ఇరవై ఏళ్ళు మనకు లాభమైనప్పుడు లెక్కపెట్టుకున్నాం. వంటకం పట్టుకుని వస్తామనేసరికి మీరు మావాళ్ళు కారు, పొమ్మన్నాం. ఆ మాట రోలండ్ చేత అనిపించింది నేనే. నీ పిల్ల కోసమే అయినా అది మంచి మాట కాదమ్మాయ్.”

నా సంచిలో, పగలు పాపను చూసుకునే శిశు విద్యాలయం వాళ్ళిచ్చిన ఫారం ఉంది. పాప జాతి ఏమిటో ఒక్క గడిలోనే టిక్కు పెట్టమన్నారు. రెండు రాత్రులు దాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఏ గడిలో పెడితే బిడ్డకు ఏం ముప్పో అని భయం. అది తీసి ఆర్డిస్ ముందు పెట్టి ఏం రాయమంటారని అడిగాను.

ఆవిడ ఫారాన్ని తిరిగి నా వైపే జరిపింది.

“ఏం రాయాలో తర్వాత. ఎవరైనా నిన్ను లెక్కపెట్టడానికి వస్తే, ఎందుకు లెక్కపెడుతున్నావని ముందు అడుగు. వాళ్ళు దానికి సరిగ్గా జవాబు చెప్పేదాకా పెన్ను మూత తియ్యకు.”

అప్పటి నుంచి నేను అడుగుతూనే ఉన్నాను. విద్యాలయం అమ్మాయి లోపల కనుక్కుని చెబుతానంది. ఇప్పటికి ఐదు వారాలైంది. పాప రోజూ అక్కడికి వెళ్ళొస్తోంది, గడి ఖాళీగానే ఉంది.