అన్నయ్య ఫోన్‌లో నా గొంతు

మా అన్నయ్య లెక్కలో ప్రపంచంలో కుక్క ఒక్కటే. మిగతావన్నీ దానికి జిరాక్స్ కాపీలు. ఆ ఒక్కటీ ఆయన మామిడి తోటలో పదేళ్లపాటు కోతుల్ని తరిమిన నల్ల కుక్క. గొలుసు, బెత్తం, కారం కలిపిన అన్నం, ఈ మూడింటితోనే దాన్ని తయారు చేశానని విస్సన్నపేట దాకా చెప్పుకునేవాడు. కారం తింటే కుక్కకి రోషం పెరుగుతుందని మా వైపు చాలామంది నమ్మకం. ఆ నల్లది ఎంత కొట్టినా తోక ఊపుకుంటూ మళ్లీ వచ్చేది. అది దాని స్వభావం. అన్నయ్య మాత్రం తన గొప్పతనం అనుకున్నాడు.

నా కుక్క వేరు. తిరువూరులో మా స్కూలు గేటు పక్కన, వానలో తడిసి వణుకుతూ దొరికిన గోధుమరంగు పిల్ల. గిన్నె మీద మూత జారినా ఉలిక్కిపడేది. చిన్నప్పటినుంచి అన్నయ్యను చూసిన దాన్ని కదా, నేనూ మొదట గొంతు పెంచి "కూర్చో" అన్నాను. అది బీరువా కిందికి దూరి మర్నాటిదాకా బయటికి రాలేదు. బిస్కెట్టు చూపించాను. తినేసి మళ్లీ బీరువా కిందికే వెళ్లింది. ఇరవై ఏళ్లుగా పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. ఒకడికి అరిస్తేనే ఎక్కుతుంది, ఇంకొకడికి అరిస్తే వచ్చిందీ పోతుంది. క్లాసులో తెలిసిన ఈ ముక్క ఇంట్లో కుక్క దగ్గర గుర్తు రానందుకు నాకే సిగ్గేసింది.

చివరికి దానికి సరిపడే పద్ధతి దొరికింది. దానివైపు చూడకుండా నేల మీద కూర్చుని, "దా తల్లీ, దా" అని మెల్లగా అనేదాన్ని. వస్తే ఛాతీ కింద గోకేదాన్ని. రాకపోతే ఊరుకునేదాన్ని. మొదటి మూడడుగులు వేయడానికి నెల పట్టింది. ఆ తర్వాత వంటింట్లోంచి ఒక్క పిలుపు పిలిస్తే చాలు, పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి నా కాళ్లకి అడ్డం పడేది.

ఆ ఏప్రిల్‌లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి విజయవాడ రమ్మన్నారు. పది రోజుల పని. ఇంట్లో ఉండేది నేనూ, అదీ. అన్నయ్య తనే వచ్చి దాన్ని తోటకి తీసుకెళ్తానన్నాడు.

"కొట్టనంటేనే ఇస్తాను అన్నయ్యా. కట్టెయ్యకూడదు. కారం అన్నం అసలే వద్దు."

"నీ కుక్క, నీ ఇష్టం అమ్మాయ్. నేనెందుకు కొడతాను?" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

మూడో రోజు ఫోన్ చేశాడు. కుక్క మోటారు షెడ్డులో పైపుల వెనక దూరి రావడం లేదట. "నీ మీద బెంగ పెట్టుకుంది. నువ్వేదో అంటావుగా, అది వాట్సాప్‌లో పంపు. వినిపిస్తాను." తోటి టీచర్లు నవ్వుతుంటే వరండాలో గోడవైపు తిరిగి, "దా తల్లీ, దా" అని రికార్డు చేసి పంపాను. కాసేపటికి "వచ్చింది" అని జవాబు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నయ్యని ఎప్పుడూ తప్పుగానే అనుకున్నానే అని బాధపడ్డాను కూడా. ఆ తర్వాత ఎప్పుడడిగినా "బ్రహ్మాండంగా ఉంది" అనేవాడు.

పని అయిపోగానే తిరువూరులో బస్సు దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా షేర్ ఆటో ఎక్కి తోటకి వెళ్లాను. కుక్క చెట్టుకి గొలుసుతో కట్టేసి ఉంది. మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయింది. గిన్నెలో అన్నం ఎర్రగా ఉంది. నేను కింద కూర్చుని, "దా తల్లీ" అన్నాను. అది నేలకి అతుక్కుపోయి ఉన్నచోటే ఉచ్చ పోసుకుంది.

అన్నయ్య నవ్వాడు. "కొట్టినప్పుడల్లా షెడ్డులో దూరేది అమ్మాయ్. నేను పిలిస్తే చచ్చినా రాదు. నీ గొంతు పెడితే మాత్రం ఠక్కున వచ్చేది. రాగానే గొలుసేసి రెండు తగిలించేవాణ్ణి. ఇంకో వారం ఉంచు, కోతుల్ని చీల్చేస్తది."

"మరి ఒట్టేశావు?"

"కుక్క విషయంలో ఒట్లేంటి?"

నాకు సైకిలు నేర్పింది ఈయనే. నాకు భయమని తెలిసి, నెల రోజులు వెనక సీటు పట్టుకుని పరిగెత్తాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. భయపడేదానికి ఎలా నేర్పాలో తెలియని మనిషైతే నాకింత మండేది కాదు. తెలిసీ చేశాడు. పైగా నన్ను ఎరగా పెట్టాడు.

గొలుసు విప్పి కుక్కని ఎత్తుకుని వచ్చేశాను. మే నెలలో బుట్టెడు బంగినపల్లి కాయలు పంపాడు. బుట్టతో సహా పక్కింటికి ఇచ్చేశాను. అప్పుడు ఫోన్ చేశాడు.

"ఇంకా కోపమేనా? కుక్కే కదా."

"కుక్కని కొట్టినందుకే కాదు అన్నయ్యా. నా చేత పిలిపించి కొట్టావు."

ఆయన ఈసారి కోతులు నాలుగు చెట్లు పాడుచేశాయని చెప్పాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు దానికి మళ్లీ మొదటినుంచి నేర్పుతున్నాను, ఈసారి మాట లేకుండా. నేల మీద రెండు వేళ్లతో మెల్లగా తడతాను, ఎదురు చూస్తాను. ఫోన్ వచ్చినా ఇంటి బయటికెళ్లే మాట్లాడతాను. వానలు మొదలయ్యాక ఒక్కో అడుగూ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. పోయిన ఆదివారం దానంతట అదే వచ్చి నా మోకాలి మీద తల పెట్టింది. సంతోషం పట్టలేక "తల్లీ" అనేశాను.

వెంటనే తల తీసేసింది. పెరట్లోకి పోయి గోడవారగా, నా వైపు వీపు పెట్టి నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. నా గొంతు దానికి వినపడకుండా, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.