మొదటి బిందె

ఈ ఉదయం మేడిపల్లిలో మా అపార్ట్‌మెంటు ముందు నీళ్ల ట్యాంకరు ఆగింది. పైపు బిగించేలోపు కాసిని నీళ్లు కారి మట్టిలో పడ్డాయి. ఎండకు కాగిన మట్టి తడిసినప్పుడు లేచే వాసన మా బాల్కనీ దాకా వచ్చింది. ఆ వాసనకు అందరికీ వాన గుర్తొస్తుందట. నాకు మాత్రం ఒకప్పుడు నాచారంలో మా పక్కింట్లో ఉన్న యాదమ్మక్క గుర్తొస్తుంది, అదీ కొంగు నడుముకు బిగించి, చేత్తో ట్యాంకరు పైపు పట్టుకుని.

మాది సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. కాలవ చిట్టచివరి పొలాలు మావి. పైవాళ్లంతా పెట్టుకోగా మా దాకా నీళ్లు వచ్చేవి కావు. రానప్పుడల్లా నేలలోంచి ఉప్పు పైకి తేలేది. చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక మిగిలిన కాస్త పొలమూ చవుడు బారిపోయింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఆయనకు రాజధాని శివారు నాచారంలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఫ్యాక్టరీల వెనక సందులో ఓ గదీ వంటిల్లూ అద్దెకు తీసుకున్నాం.

పొలానికి చాలకపోయినా, వాకిలి కడుక్కోవడానికి మా ఊళ్లో కాలవ నీళ్లకు కొదవ లేదు. ఆ అలవాటు కొద్దీ, దిగిన మర్నాడు పొద్దున్నే ఇంట్లో ఉన్న నీళ్లన్నీ బకెట్లతో గుమ్మరించి వాకిలి అద్దంలా కడిగేశాను. ముగ్గు పెట్టి తలెత్తితే సందు సందంతా గుమ్మాల్లో నిలబడి నన్నే చూస్తోంది. పెళ్లికూతుర్ని కూడా ఎవరూ అలా చూడరు.

"నీళ్లు మల్ల ఎప్పుడొస్తయో ఎర్కేనా నీకు?" అని పక్కింటి అరుగు మీంచి ఒకావిడ అడిగింది.

"సాయంత్రం వస్తాయిగా?" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ మాత్రం లోపలికి వెళ్లి, సగం బిందె నీళ్లు తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. "ఇయ్యాల వంటకు గివి వాడుకో. ట్యాంకరు రేపొస్తది. వాకిట్ల సాన్పంటే చెంబెడు నీళ్లు జల్లుడు సెల్లె, చెర్వు కట్ట తెంపుడు గాదు" అంది. ఆవిడే యాదమ్మక్క. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. అప్పటికే బారెడు వరస. నేను పోయి చివర్న నిలబడ్డాను. పైపు యాదమ్మక్క చేతిలో ఉంది. "కొత్తామె బిందె ముందల వెట్టున్రి" అంది. అందరూ జరిగి దారిచ్చారు. అది ఆ సందు కట్టుబాటు. ఎవరు కొత్తగా దిగితే వాళ్లకు మొదటి బిందె, ఇంకో కొత్త కుటుంబం వచ్చేదాకా. పెట్టింది యాదమ్మక్కే. ఎందుకలా అని తర్వాత ఎప్పుడో అడిగితే, ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "పాతోళ్లింట్ల నిన్నటి నీళ్లన్న ఉంటయ్. కొత్తోళ్లకేముంటయ్?"

ఆమెది నల్గొండ దిక్కు పల్లె. బోరు మీద బోరు వేసినా పొడి మట్టి తప్ప ఏమీ రాకపోతే, భర్తతో కలిసి ఇటు వచ్చి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి కుదిరింది. ఒక ఆదివారం ఇద్దరం అరుగు మీద బియ్యం ఏరుకుంటున్నాం. "మీ దిక్కు కాల్వలుంటయంటరు గదా, గన్ని నీళ్లిడ్సిపెట్టి గీడికెందుకొచ్చిన్రు?" అని అడిగింది. ఉప్పు సంగతి చెప్పాను. చేట పక్కన పెట్టి అంతా విన్నది.

"మేమేమో నీళ్లు లేకొస్తిమి. మీ దిక్కు గూడ నీళ్లే ఎల్లగొట్టినయా?" అని గట్టిగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఊరు వదిలిన దిగులు మీద నవ్వడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క. ఉప్పల్లో కూరగాయలకైనా, పిల్లలకు జ్వరమొస్తే దవాఖానాకైనా ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న ఒక వేసవిలో నా కాళ్ల కింద నేల కదిలింది. బందుల వల్ల ఫ్యాక్టరీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువగా ఉండేవి. ఊరి నుంచి మావాళ్లు "ఇంకా అక్కడెందుకు, వచ్చేయండి" అని ఫోన్లు చేసేవారు. మా ఆయన కూడా నెలాఖరుకు గది ఖాళీ చేద్దామన్నాడు. నాకు వెళ్లాలని లేదు. నా పిల్లలు ఆ సందులోనే నడక నేర్చారు. కానీ ఉండమని నన్ను అడిగేదెవరు? పగలంతా నవ్వుతూ తిరిగినా లోపల అదే బెంగ.

ఆ ఏడే సందులో బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. సొంతిల్లున్న మేస్త్రీ నర్సింహ ఓ రోజు అందర్నీ పిలిచి, "ఇగ సొంతిండ్లోళ్లకు ముందు. కిరాయోళ్లకు మిగిల్తెనే" అని తేల్చేశాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. యాదమ్మక్క కూడా నోరు విప్పలేదు. అప్పటికి వాళ్లూ ఆ సందులోనే రెండు గదులు కట్టుకున్నారు. ఆమె ఊరుకోవడం చూసి నాకు ప్రాణం చివుక్కుమంది. ఇక్కడ మన నీళ్లు చెల్లిపోయాయి అనుకున్నాను.

ఆ వారమే పాలమూరు నుంచి ఒక జంట చంటిబిడ్డతో వచ్చి మూల గదిలో దిగింది. ట్యాంకరు వచ్చిన రోజు ఆ బిడ్డ తల్లి, ఇంకా చిన్నపిల్లే, ఖాళీ బిందెతో గోడ పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"యాదమ్మా, నీ బిందె తే. నీదే ముందు" అన్నాడు నర్సింహ.

"నాదేనా? పక్కానా?"

"పక్కా."

యాదమ్మక్క పోయి ఆ పిల్ల చంకలోని బిందె లాక్కొచ్చి పైపు కింద పెట్టింది. "నా వంతు గీ పిల్లకిచ్చిన. నా వంతు నేను ఎవ్వలకిచ్చుకుంటే నీకేంది బావా?" అంది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అంతలో ఆమె నా వైపు తిరిగింది.

"సరోజా, పైపు వట్టు. నా మోకాళ్లు గుంజుతున్నయ్."

ఆ సందులో పైపు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. ఇన్నేళ్లలో ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. "అక్కా, మేము నెలాఖరుకు వెళ్లిపోతున్నాం" అన్నాను మెల్లగా.

"ఏడికి? గా సౌడు భూములకా? మాటలు తర్వాత. నీళ్లు కింద వోతున్నయ్, జర సక్కగ వట్టు."

పట్టుకున్నాను. ఆ పిల్ల బిందె నింపాను. తర్వాత వరసలో ఎవరుంటే వాళ్లవి, నర్సింహ బిందె కూడా అంచు దాకా నింపాను. చివరి బిందె యాదమ్మక్కది. ఇంటికి వెళ్లి మా ఆయనతో నేను రానని చెప్పాను. "ఎవరన్నారు ఉండమని?" అన్నాడు. "పైపు ఇచ్చారు" అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ, గది మాత్రం ఖాళీ చేయలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఉప్పల్ చౌరస్తా అంతా పటాకుల మోత. యాదమ్మక్క గులాబీ రంగు తెచ్చి నా రెండు చెంపలకూ పులిమింది. "ఇగ నువ్వు గూడ తెలంగాణదానివే, పో!" అంది. "పైపు పట్టిన రోజే అయ్యాను" అన్నాను. తర్వాత కొంత కాలానికి వాళ్ల ఊరి చెరువు పూడిక తీశారు. మంచి వానలు పడి అది నిండింది. ఆమె మూటాముల్లె సర్దుకుంది. నేను ఏడుస్తుంటే, "ఏడ్వకు సెల్లె, నీళ్లు దండుగ" అని వెళ్లిపోయింది. ఇప్పటికీ ఫోన్ చేసి వరి ఎంత ఎత్తు పెరిగిందో గొప్పలు చెబుతుంది. వినడానికి నాకు హాయిగా ఉంటుంది.

ఈ ఉదయం ట్యాంకరును చూస్తూ నిలబడ్డానా, పై అంతస్తు బాల్కనీ నుంచి నీళ్లు జలజలా నా నెత్తి మీద పడ్డాయి. నిన్న దిగిన కొత్తవాళ్లు. కింద వాచ్‌మన్ కేకలు మొదలుపెట్టాడు. తల తుడుచుకుని, మంచినీళ్ల బిందె చంకన పెట్టుకుని పైకి వెళ్లాను. చీపురు చేత పట్టుకుని ఒక అమ్మాయి భయంగా తలుపు తీసింది. తమది గోదావరి మధ్య లంక ఊరనీ, ఏటేటా గట్టు కోసుకుపోయి చివరికి ఇల్లు కూడా ఏట్లో కలిసిందనీ చెప్పింది.

బిందె ఆమె గుమ్మంలో దించాను. ఏదైనా మంచి మాట చెబుదామనుకుంటే నా నోట యాదమ్మక్క మాటే వచ్చింది.

"మీ దిక్కు గూడ నీళ్లే ఎల్లగొట్టినయా?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి ఫక్కున నవ్వింది. బిందె లోపలికి తీసుకుంటూ, "రండక్కా, కూర్చోండి" అంది.