గిన్నెల పొడితో తోమిన పిస్తోలు

మా బావమరిది పిస్తోలును వాసన చూసి అది ఎన్ని యుద్ధాలు చేసిందో చెప్పేస్తాడు. సరే, కోతలు కోసినందుకు సిస్టర్ల బడిలో మోకాళ్ళ మీద నిలబడినవాణ్ని కనుక కాస్త తగ్గిస్తాను. యుద్ధాల సంగతి కాదు, దానికి ఏ నూనె రాశారో చెప్పగలడు. నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసి, ఇప్పుడు వేలంశాల వెనక గదిలో కూర్చుని పాత ఆయుధాల్లో ఏది అసలో ఏది నకిలీయో తేలుస్తున్నాడు.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఒక టైలరమ్మ గుడ్డలో చుట్టిన పిస్తోలు తెచ్చింది. వెనకాలే వాళ్ళన్న, ముసిముసిగా నవ్వుకుంటూ.

"యుద్ధంలో మా తాత నడుముకి కట్టుకున్నది ఇదేనండి."

"పాతసామాన్ల కొట్లో కొన్నాడండీ. పోయేదాకా అన్నీ గొప్పలే," అన్నాడు అన్న.

ఆమె దగ్గర సైన్యం తాతకిచ్చిన కాగితం ఉంది. అందులో పిస్తోలు నంబరుంది. రెండూ కలిస్తే తాత మాట నిలుస్తుంది. కలవకపోతే ఆయన ఎప్పటికీ కోతలరాయుడే.

బావమరిది లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని భూతద్దం అందుకున్నాడు. అంతలోనే మొహం వేలాడేశాడు. పిస్తోలు అద్దంలా మెరుస్తోంది. నంబరుండాల్సిన చోట నున్నగా ఉంది.

"ఎవరమ్మా దీన్ని తోమింది?"

"మా అమ్మండి. ఆదివారం ఆదివారం, గిన్నెల పొడితో. ముప్పై ఏళ్ళు. తాత వస్తువు మాసిపోకూడదని."

"సబ్బుబిళ్ళలా అరగదీసేసింది కదమ్మా! నంబరు కూడా పోయింది."

"చూశారా, సాక్ష్యం కూడా కడిగేశారు!" అన్న చప్పట్లు కొట్టాడు. టైలరమ్మ పిస్తోలును మళ్ళీ గుడ్డలో చుట్టబోయింది.

"ఉండవయ్యా! మీ అమ్మ పిడి చెక్కలు విప్పేదా?" అన్నాడు బావమరిది.

"స్క్రూలు తిప్పడం ఆవిడకెక్కడ వచ్చు?" అన్నాడు అన్న.

బావమరిది కళ్ళు వెలిగాయి. స్క్రూ బిగుసుకుపోయి ఉంది. నూనె చుక్క వేశాడు. అందరం బల్ల మీదికి వంగాం. నేనైతే కుర్చీ ఎక్కేశాను. టక్కున చెక్క ఊడింది! కింది ఉక్కు మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి నల్లని నీలం పూతతోనే ఉంది. దాని మీద కూడా నంబరు అంకెలున్నాయి, నిన్న కొట్టినట్టు.

"మూడు... సున్నా... ఎనిమిది... నాలుగు..." ఆమె వేలు కాగితం మీద జరుగుతోంది. దుర్మార్గుడు అక్కడ ఆగి, తీరిగ్గా భూతద్దం తుడుచుకున్నాడు.

"చెప్పండి బాబాయ్, చంపకండి!"

"ఏడు!" కాగితం మీదా ఏడే.

లోపలి భాగాల మీద కొట్టిన చివరి రెండంకెలూ అవే. "అసలుదేనమ్మా! ఒక్క ముక్క కూడా మార్చలేదు. ఇక పైమెరుగంటావా, సర్వనాశనం. రెండూ రాసిస్తాను."

అన్న ఆ సైన్యం కాగితం చేతిలోకి తీసుకుని, తాత పేరున్న చోట చాలాసేపు చూశాడు. "తప్పయింది తాతా," అన్నాడు. మా బావమరిది బల్లెక్కి చిందులేశాడు.

ఇదంతా అతనికి చదివి వినిపించాను.

"ఆ రోజు గదికి తాళమేసి ఉంది బావా. టైలరమ్మా లేదు, పిస్తోలూ లేదు. నేను బల్లెక్కడమేంటి, నా మోకాళ్ళు చూశావా?"